కాగితంపై కోటా, చేతికందని మౌస్

మేధోవైకల్యాన్ని 1995 నాటి వికలాంగుల చట్టం వైకల్యంగా గుర్తించినప్పటికీ, ఉద్యోగాలలో ప్రత్యేకించిన 3 శాతంలో దానికి చోటివ్వలేదు. ఆ లోటును 2016 నాటి చట్టం కొంతవరకు సరిదిద్దింది. ప్రభుత్వోద్యోగాలలో కనీసం 4 శాతాన్ని వికలాంగులకు కేటాయించి, అందులో ఒక శాతాన్ని మేధోవైకల్యం, ఆటిజం, మానసిక అస్వస్థత, అభ్యసన వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారికి ఉమ్మడిగా విడిచిపెట్టింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో బుద్ధిమాంద్యం గలవారు 15 లక్షల పైచిలుకు. వీరిలో కొందరైనా కార్యాలయంలో కుర్చీ వరకు చేరుకున్నారనుకుందాం. ఎదుట బల్లపై ఉండేది కంప్యూటర్. దానిని నడిపే మౌస్‌ను పట్టుకోవడం వారికి ఎవరు నేర్పారు?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. అయితే పదిహేనేళ్ల కుర్రవాడు తెరపైని బాణం గుర్తును బొమ్మ మీదికి తేలేక తడబడినప్పుడు, పక్కనున్న పెద్దలు చేయి చాచి ఆ పని తామే ముగించడం పరిపాటి. యంత్రం పాడవుతుందన్న భయం కొంత, వీడికి రాదులే అన్న నిశ్చయం మరికొంత. ఆ తడబాటును తెలివికి కొలమానంగా భావించడమే అసలు పొరపాటు.

మౌస్ వాడకం చూసినంత సులభం కాదు. చేయి కదిలేది బల్లపై. బాణం కదిలేది ఎదుటి తెరపై. కన్ను చేతిని విడిచి తెరను చూడాలి. బాణం చేరవలసిన చోట చేతిని నిలిపి, కదలనీయకుండా వేలితో మీట నొక్కాలి. వరుసగా రెండుసార్లు నొక్కవలసి వస్తే విండోస్ మామూలుగా ఇచ్చే వ్యవధి అర సెకను మాత్రమే. మీటను నొక్కి పట్టి బొమ్మను లాగడం ఇంకా కష్టం. బ్యాంకులలోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, ఏళ్ల తరబడి లెడ్జర్లు రాసిన ఉద్యోగులు సైతం ఇక్కడే తడబడ్డారు. 1990లో విండోస్‌తో వచ్చిన పేకముక్కల ఆట అనేకమందికి లాగడం నేర్పిన గురువు. వారిని మందబుద్ధులని ఎవరూ అనలేదు. నేర్చుకొనేందుకు వ్యవధి ఇచ్చారు.

ఆ వ్యవధే ఈ పిల్లలకు మరికొంత ఎక్కువగా కావాలి. పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీయడం, మొదట చేతిపై చేయి వేసి నడిపించి క్రమంగా ఆ సాయాన్ని ఉపసంహరించడం ప్రత్యేక విద్యలో చిరకాలంగా ఉన్న పద్ధతే. అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం ఇలాగే నేర్పుతున్నారు. మౌస్‌కు మాత్రం ఈ ఓపిక ఎందుకు వర్తించరాదు? మొదటి వారాలలో బాణాన్ని పెద్ద బొమ్మపైకి తేవడం చాలు. తరువాత ఒక్క నొక్కు. లాగడం చివరి మాట. ఇక యంత్రాన్ని పిల్లవానికి అనుగుణంగా మార్చడానికి పైసా ఖర్చు లేదు: బాణాన్ని పెద్దది చేయవచ్చు, దాని వేగం తగ్గించవచ్చు, రెండు నొక్కుల మధ్య వ్యవధి పెంచవచ్చు. ఒక యంత్రంపై నేర్చినది మరొకదానిపై దానంతటదే వస్తుందని మాత్రం అనుకోరాదు. యంత్రం మార్చి, గది మార్చి కూడా సాధన చేయించాలి.

వేలితో తాకితే పనిచేసే ఫోన్లు వచ్చాక మౌస్‌తో పనేమిటని అడిగేవారున్నారు. ఆ ఫోన్లలో ఈ పిల్లలు చూపే నేర్పు కాదనలేనిదే. అయితే వివరాల నమోదు, బిల్లుల తయారీ వంటి గుమాస్తా పనులు నేటికీ ఎక్కువగా బల్లమీది కంప్యూటర్ పైనే సాగుతున్నాయి. ఫోనుతో సరిపెట్టుకొమ్మనడం వారిని వినోదానికి పరిమితం చేయడమే.

చట్టం ఉచిత విద్యకు పెట్టిన వయోపరిమితి 18 ఏళ్లు. అంటే కౌమారంలోని ఆ నాలుగైదేళ్లే సాధనకు దక్కే కాలం. సికింద్రాబాద్‌లో 1984లో నెలకొన్న మేధోవైకల్య జాతీయ సంస్థ వంటి నిపుణ కేంద్రం దేశానికి ఉంది. మెట్లవారీ పాఠక్రమాన్ని భారతీయ భాషలలో అందించే బాధ్యతను కేంద్రం దానికి అప్పగించవచ్చు. పాఠశాలలకు కంప్యూటర్లు మంజూరు చేసే అధికారులు యంత్రాల సంఖ్యతో తృప్తిపడక, ప్రతి విద్యార్థి వ్యక్తిగత విద్యా ప్రణాళికలో ఒక వాక్యం కోరాలి: సాయం లేకుండా ఈ బాలిక, ఈ బాలుడు నేడు ఏ మెట్టు వరకు చేయగలరు, గత ఏడాది ఎక్కడ ఉండేవారు అని.