బావకు జ్యూస్, బామ్మర్దికి సూది

భిలాయి సెక్టర్ 7లో ఓ బావ, ఓ బామ్మర్ది ఉన్నారనుకుందాం. బావది ఉక్కు కర్మాగారంలో ప్లేట్ మిల్లు ఉద్యోగం. మీసం, భుజాలు, గొంతు అన్నీ ఆ మిల్లుకు తగ్గట్టే. బామ్మర్ది కల్యాణ్ కాలేజీ కుర్రాడు, బరువు 52 కిలోలు. నైట్ డ్యూటీ దిగిన బావ, ఇంటికి కూడా పోకుండా రక్తదాన శిబిరానికి బయల్దేరాడు. కుర్రాడి పని హెల్మెట్ పట్టుకోవడం, ఫొటో తీయడం.

డాక్టరమ్మ మొదటి ప్రశ్నకే కథ అడ్డం తిరిగింది.

"రాత్రి నిద్రపోయారా?"

"నైట్ డ్యూటీ కదండీ" అన్నాడు బావ, అదేదో అదనపు అర్హత అన్నట్టు.

"అయితే ఇంటికెళ్లి పడుకోండి" అందావిడ. ఆమె చూపు హెల్మెట్ మీదా, అక్కణ్ణుంచి దాన్ని పట్టుకున్నవాడి మీదా పడింది. వేలి కొస నుంచి తీసిన చుక్క నీలిరంగు మైలుతుత్తం ద్రావణంలో మునిగింది. మునిగితే పాస్, తేలితే ఫెయిల్ అయ్యే పరీక్ష బహుశా ఇదొక్కటే! హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదని దానర్థం. కాసేపట్లో కుర్రాడు మంచమెక్కి రబ్బరు బంతి నొక్కుతున్నాడు. సంచీ నిండడం చూస్తూ నిలబడ్డ బావకు కళ్లు బైర్లు కమ్మాయి. పక్క మంచం ఖాళీగా ఉండబట్టి సరిపోయింది. చుక్క రక్తం ఇవ్వకుండా ఆ పూట మొదటి జ్యూస్ తాగింది ఆయనే.

కథ కల్పితం. డాక్టరమ్మ ప్రశ్న మాత్రం కాదు. 2020లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం, రాత్రి షిఫ్టు చేసి సరిగా నిద్రపోనివారి నుంచి రక్తం తీసుకోకూడదు. ఒళ్లొంచి కష్టపడే పనివారైతే, రక్తమిచ్చాక కనీసం 24 గంటల దాకా డ్యూటీ ఎక్కకూడదు. మూడు షిఫ్టుల మీద బతికే ఉక్కు ఊరికి ఇంతకంటే సూటిగా తగిలే నిబంధన ఉండదు. మరి శిబిరాలకు ముహూర్తం ఎవరు పెడుతున్నారు? జయంతులు, వార్షికోత్సవాలు. భిలాయి లాంటి చోట పంచాంగం కంటే షిఫ్టు రోస్టర్ చూసి పెట్టడం నయం. ఒకే వారపు సెలవున్న ఇద్దరు డ్యూటీ మిత్రులు కలిసి వస్తే ఇంకా నయం.

తోడు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, కళ్లు తిరగడానికి కండబలంతో పనిలేదు. భయానికి గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే పహిల్వానైనా ఒరిగిపోతాడు. నిజానికి ముప్పు ఎక్కువగా ఉండేది తొలిసారి ఇచ్చే బక్కపలచని కుర్రాళ్లకే. ముందుగా అరలీటరు నీళ్లు తాగడం, కాళ్లు మెలేసి కండరాలు బిగించడం పనిచేస్తాయి. పక్కన కబుర్లు చెప్పే మనిషి కూడా అంతే. అన్నట్టు, ఆ మనిషి సంచీ వైపు చూడకపోతే మంచిది.

తోడుకు ఇంకో లెక్క ఉంది. సుప్రీంకోర్టు 1996 తీర్పు వల్ల, 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్ముకోవడం నిషేధమైంది. ఆ ఖాళీలోకి వచ్చింది రోగి బంధువుల పరుగు: ఆపరేషన్ ముందు రోజు ఫోన్లు, ప్రాధేయపడటాలు. అదే ఏడాది హైదరాబాదులో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలైతే అభిమానులు గుంపులుగా వెళ్లారు. అందులో హీరో మీద ప్రేమెంతో, పక్కవాడు లాక్కుపోవడమూ అంతే అయివుంటుంది. పోస్టర్ చూసి కదలనివాడు బావ పిలిస్తే కదులుతాడు. అందుకే శిబిరాల ఆహ్వానాల్లో "రక్తదానం చేయండి" అన్న చోట "ఒకరిని వెంటబెట్టుకు రండి" అని అచ్చువేయాలి. తోడొచ్చినవాడికి కుర్చీ వేసి, బరువు తూచి, ఊరికే అడిగి చూడాలి.

కుర్రాడిచ్చింది 350 మిల్లీలీటర్లు. తొంభై రోజులు దాటితే మళ్లీ ఇవ్వొచ్చు. బావ ఈసారి వీక్లీ ఆఫ్ చూసుకుని, ముందు రాత్రి పదింటికే పడుకుంటానని మాటిచ్చాడు. హెల్మెట్ ఎవరు పట్టుకోవాలన్నదే ఇంట్లో ఇంకా తేలలేదు.