నీళ్లు ఏ బండిలో ఉన్నాయి?

ప్రయాణం అనగానే సామాన్లు సర్దేది మనమే కదా! పులిహోర, చేగోడీలు, పిల్లల స్వెట్టర్లు, దుప్పట్లు... సర్దడంలో నాకెవరూ సాటిరారని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. అది ఎడారి ఇసుకలో ఎలా దిగబడిందో ఈ వారం చెబుతాను, వినండి.

2019 డిసెంబరులో మేం దుబాయ్‌లో ఉన్నాం. అప్పట్లో అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. (2022 నుంచి శని, ఆదివారాలకు మారింది లెండి.) మూడు తెలుగు కుటుంబాలం మూడు బళ్లలో షార్జా ఎమిరేట్‌లోని మలీహా ఎడారికి బయలుదేరాం, ఒక రాత్రి గుడారాల్లో గడుపుదామని. అక్కడ ఫాసిల్ రాక్ అనే కొండ ఉంది. కోట్ల ఏళ్ల కిందట అది సముద్రం అడుగున ఉండేదట. రాళ్లలో గవ్వల ఆనవాళ్లు కనిపిస్తాయి. పిల్లలకు అది చూపించాలని నా ఆశ.

తారురోడ్డు దిగగానే మగవాళ్లు టైర్లలో గాలి తీశారు. 35 పాయింట్లున్నది 15కి తగ్గించారు. అప్పుడు టైరు ఒంటె పాదంలా వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడదట.

పొద్దువాలే వేళకి ఒక ఇసుకదిబ్బ ఎక్కుతూ మా బండి ఆగిపోయింది. మావారు ఇంకా గట్టిగా తొక్కారు. చక్రాలు తిరిగినకొద్దీ లోతుకి దిగాయి. ముందు వెళ్లిన రెండు బళ్లూ దిబ్బ అవతల. ఫోన్లో సిగ్నల్ లేదు. అప్పుడే మా చిన్నాడు "అమ్మా, దాహం" అన్నాడు.

నా గుండె జారిపోయింది. ఎనిమిది నీళ్ల డబ్బాలూ మొదటి బండిలో ఉన్నాయి! ఒక్కచోట ఉంటే కుదురుగా ఉంటాయని సర్దించింది నేనే. మా దగ్గర మిగిలింది సగం సీసా.

మావారు నడిచి వెళ్లి చూసొస్తానన్నారు. "వద్దండీ, బండి వదిలి కదలొద్దు" అని పట్టుబట్టాను. చీకట్లో మనిషి కంటే లైట్లు వేసిన బండే తేలిగ్గా కనబడుతుంది. పిల్లలకు సీసా మూతతో కొలిచి నీళ్లు పోశాను. అన్నం పళ్లేలతో చక్రాల దగ్గర ఇసుక తోడాం. ముప్పావుగంటకి మా టైర్ల జాడ పట్టుకుని స్నేహితులు వెనక్కి వచ్చారు. తాడు కట్టి లాగితే బండి బయటపడింది. ఆ రాత్రి నక్షత్రాల కింద పులిహోర తింటున్నా నా కళ్లు నీళ్ల డబ్బాల మీదే!

మీరూ ఎప్పుడైనా వెళితే ఇవి మరవకండి:

* మనిషికి రోజుకి 5 లీటర్ల చొప్పున నీళ్లు, ప్రతి బండిలోనూ విడిగా ఉండాలి.
* ఒంటరి బండితో వెళ్లొద్దు. వెనక బండి అద్దంలో కనిపించకపోతే ముందు బండి ఆగాలి.
* చక్రం దిగబడితే ఇంకా తొక్కొద్దు. ఇసుక తోడి, గాలి ఇంకాస్త తీయాలి.
* పొద్దున్నే బూట్లు దులిపి తొడగండి, తేళ్లుంటాయి.
* నిప్పుల్ని ఇసుకతో కప్పేయకండి. లోపల వేడి అలాగే ఉండి పిల్లల కాళ్లు కాలతాయి. నీళ్లు పోసి ఆర్పండి.
* వంటకి బొగ్గులు తీసుకెళ్లండి. అక్కడి గాఫ్ చెట్టు కొమ్మలు విరవకండి. ఆ దేశపు జాతీయ వృక్షమైన గాఫ్ ఏదనుకున్నారు? దసరాకి మనం పూజించే జమ్మిచెట్టే!

తెల్లారాక ఫాసిల్ రాక్ చూశాం. తిరిగొచ్చేటప్పుడు తారురోడ్డు ఎక్కాక టైర్లలో గాలి నింపింది ఎవరనుకున్నారు? నేనే! మీటరు చూడటం పది నిమిషాల్లో వచ్చేసింది. సామాన్లు సర్దే మనకి బండి సంగతీ తెలిసుండాలి, సామాను ఎక్కడుందో మిగతావాళ్లకీ తెలిసుండాలి. ఏమంటారు?