గిగాబిట్ తీగ మీద పాత టీవీ పాఠం

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఏడాదిపాటు వాడుకోనిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు నేరుగా చేరాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలున్నాయి, తెలుగులో చేసిన పాఠాలున్నాయి. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ అనే విద్యా ఛానెల్ వచ్చింది, తెలంగాణలో ఇప్పుడది టీ-శాట్ అయింది. 2004 సెప్టెంబరులో చదువుల కోసమే తయారైన ఎడ్యుశాట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2008లో పుట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పల్లెటూరి పిల్లల చేతికి తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చింది. వీటిలో దేన్నీ తీసిపారేయలేం. కానీ ఈ యాభై ఏళ్లలో ఉపగ్రహం పోయి తీగ వచ్చింది, టీవీ పోయి ఫోన్ వచ్చింది, పాఠం తీరు మాత్రం పెద్దగా మారలేదు. ఒకచోట ఒకరు చెబుతారు, వేలచోట్ల వేలమంది చూస్తారు. పరిశోధన సంస్థలనూ విశ్వవిద్యాలయాలనూ గిగాబిట్ వేగంతో కలిపే జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్ ఈ కోవలోది కాదు. దాన్ని కూడా తీసుకెళ్లి ఇదే వరసలో కూర్చోబెట్టాం. అక్కడే పొరపాటు జరిగిందని నా వాదన.

ఈ నెట్‌వర్క్ పుట్టుక చూస్తే సంగతి తెలుస్తుంది. మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1986లో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఎర్నెట్ మొదలైంది. అయిదు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం, కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ అందులో తొలి భాగస్వాములు. పరిశోధకులు ఒకరి కంప్యూటర్‌ను ఇంకొకరు వాడుకోవడానికి, తమ లెక్కలు పంపించుకోవడానికి వేసుకున్న దారి అది. శామ్ పిట్రోడా అధ్యక్షుడిగా ఉన్న జాతీయ విజ్ఞాన కమిషన్ ఆ దారినే దేశమంతటా వెడల్పు చేయమని సిఫారసు చేసింది. 2010 మార్చిలో కేంద్రం పదేళ్ల కాలానికి 5,990 కోట్ల రూపాయలు మంజూరు చేసి, పనిని జాతీయ సమాచార కేంద్రానికి అప్పగించింది. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో కణాలు ఢీకొన్నప్పుడు పుట్టే సమాచారంలో కొంత ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకూ కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రానికీ వచ్చేది ఈ దారిలోనే. అక్కడి శాస్త్రవేత్తలు సెర్న్ వాళ్ల వీడియో చూసి ఊరుకోవడం లేదు. వాళ్లకు వచ్చే డేటాలో ఒక వాటాను తామే నిల్వ చేసి, తామే లెక్కగట్టి, ఫలితాన్ని తిరిగి పంపిస్తున్నారు. దారికి రెండు వైపులా పని నడుస్తోంది.

డిగ్రీ కళాశాలకు వచ్చేసరికి ఏమైంది? సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత (ఐసీటీ) ద్వారా జాతీయ విద్యా మిషన్‌ను 2009 ఫిబ్రవరిలో తిరుపతిలో ప్రారంభించారు. దాని కింద విశ్వవిద్యాలయానికి ఒక గిగాబిట్ లైను, కళాశాలకు 512 కిలోబిట్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు ఇరవై దాకా అన్నారు. ఇరవైని 512తో హెచ్చవేస్తే పది మెగాబిట్లు. విశ్వవిద్యాలయానికి దక్కినదాంట్లో నూరో వంతు, అదీ ముక్కలుముక్కలుగా. ఆ రోజులకు అది తక్కువేమీ కాదనుకోవచ్చు. అయితే ఆ కొలతలోనే ఉద్దేశం కనబడుతుంది. పరిశోధన పైన జరుగుతుంది, కింద ఉన్నవాళ్లు దాని గురించి పాఠం వింటారు అన్నది ఆ ఉద్దేశం. ఐఐటీల ఎన్‌పీటెల్ వీడియో పాఠాలకు తోడు తర్వాతి కాలంలో స్వయం ఆన్‌లైన్ కోర్సులు వచ్చాయి. ఐఐటీ అధ్యాపకుల పాఠాన్ని నరసన్నపేటలోనో నారాయణపేటలోనో కూర్చుని వినగలగడం చిన్న విషయమేమీ కాదు. కానీ చూడటం మీదే నడిచే చదువుకు ఒక హద్దుంది. హార్వర్డ్, ఎంఐటీ సంస్థల ఆన్‌లైన్ కోర్సుల లెక్కలను విశ్లేషించి 2019లో సైన్స్ పత్రిక ఒక వ్యాసం ప్రచురించింది. 2017-18లో చేరినవాళ్లలో కోర్సు పూర్తిచేసినవాళ్లు మూడు శాతం చిల్లర. ఊరికే చూసిపోదామని చేరినవాళ్లూ అందులో ఉన్నారు నిజమే, అయినా ఇది గొప్పగా చెప్పుకునే అంకె కాదు.

ఇదే మిషన్‌లో ఒక పని మాత్రం వేరుగా నడిచింది. ఐఐటీ బాంబే ఆచార్యుడు దీపక్ ఫాటక్ ఆధ్వర్యంలో ఇంజనీరింగ్ అధ్యాపకులకు పెద్దఎత్తున శిక్షణ శిబిరాలు జరిగాయి. దేశమంతటా వందల కళాశాలలు కేంద్రాలుగా ఒకేసారి కలిసేవి. అమృత విశ్వవిద్యాలయం తయారుచేసిన ఏ-వ్యూ సాఫ్ట్‌వేర్‌లో దూరాన ఉన్న కేంద్రం నుంచి ఒకరు చెయ్యెత్తి ప్రశ్న వేయొచ్చు, ముంబైలో ఉన్నవాళ్లు అందరికీ వినబడేలా జవాబు చెప్పొచ్చు. ప్రతి కేంద్రంలోనూ ముందే శిక్షణ తీసుకున్న సమన్వయకర్త ఉండేవాడు, మధ్యాహ్నం ల్యాబు అక్కడికక్కడే జరిగేది. నెట్‌వర్క్ సగం పని చేసింది, గదిలో ఉన్న మనిషి మిగతా సగం చేశాడు.

విద్యార్థి చేతికి పని ఇవ్వడమంటే ఏమిటో చూడాలంటే అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం 1999లో మొదలుపెట్టిన బగ్‌స్కోప్ మంచి ఉదాహరణ. బడిపిల్లలు తమ పెరట్లో దొరికిన చచ్చిన తూనీగనో చీమనో ఒక పెట్టెలో పెట్టి పోస్టు చేస్తారు. అక్కడి సిబ్బంది దాన్ని చిన్న దిమ్మె మీద అంటించి, పైన పలచటి లోహపు పూత పూసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెడతారు. చెప్పిన వేళకు పిల్లలు తమ తరగతిలోనే కూర్చుని మైక్రోస్కోపును తామే నడుపుతారు. ఎటు జరపాలో, ఎంత పెద్దది చేసి చూడాలో వాళ్ల ఇష్టం. ఈ నూగు ఏమిటి, ఆ కంటి మీద గళ్లేమిటి అని అడిగితే కీటకశాస్త్రజ్ఞులు అప్పటికప్పుడు టైపు చేసి చెబుతారు. కొన్ని కోట్ల ఖరీదు చేసే యంత్రం మీద మూడో తరగతి పిల్లకు అధికారం ఇచ్చారన్నమాట. బ్రిటన్‌లో ఫాక్స్ టెలిస్కోప్ పథకం కూడా ఇలాంటిదే. హవాయి దీవుల్లోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న రెండు మీటర్ల దూరదర్శినులను బడుల నుంచి నడపనిస్తారు. బ్రిటన్‌లో ఉదయం పది గంటల క్లాసు జరిగే వేళ హవాయిలో అర్ధరాత్రి కాబట్టి పిల్లలు నిద్ర మానుకోవాల్సిన పని లేదు. ఇక మన దగ్గరికొస్తే, లద్దాఖ్‌లోని హాన్లేలో, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున, అంతే సైజున్న హిమాలయన్ చంద్ర దూరదర్శిని ఉంది. దాన్ని బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచి ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతున్నారు. అంటే దూరం నుంచి నడిపే విద్య మనకు ఎప్పుడో పట్టుబడింది. ఆ కుర్చీలో బీఎస్సీ విద్యార్థిని ఒక గంట కూర్చోబెట్టాలన్న ఆలోచనే మన వ్యవస్థలో పాతుకోలేదు.

వేగం నిజంగా ఎక్కడ అక్కరకొస్తుందో చెప్పడానికి సైన్సు కన్నా సంగీతం మంచి సాక్ష్యం. ఇద్దరు కలిసి వాయించేటప్పుడు ఒకరి ధ్వని ఇంకొకరికి ఇరవై అయిదు, ముప్పై మిల్లీసెకన్ల కన్నా ఆలస్యంగా చేరితే తాళం జారిపోతుంది. గాలిలో ధ్వని పది మీటర్లు వెళ్లడానికి పట్టే కాలం అంత. కాబట్టి సుమారు పది మీటర్ల ఎడంలో కూర్చున్నంత వరకు కచేరీ సాగుతుంది. మనం రోజూ వాడే వీడియో కాల్‌లో బొమ్మనూ ధ్వనినీ కుదించడం, విప్పడం, మధ్యలో ఆపి సర్దడం, అన్నీ కలిసి ఆ హద్దును ఎన్నో రెట్లు దాటేస్తాయి. అందుకే ఆన్‌లైన్ సంగీత పాఠంలో గురువు పాడి ఆపుతాడు, శిష్యుడు ఆ తర్వాత పాడతాడు. ఇద్దరూ కలిసి తాళం వేయలేరు. ఇటలీలోని ట్రీస్టేలో టార్టిని సంగీత కళాశాల, ఆ దేశపు పరిశోధన నెట్‌వర్క్ గార్ కలిసి ఈ చిక్కు తీర్చడానికి లోలా అనే వ్యవస్థను తయారుచేశాయి. అది దేన్నీ కుదించదు, ఆపి సర్దదు, ఉన్నదాన్ని ఉన్నట్టు పంపేస్తుంది. అందుకు వందల మెగాబిట్ల దారి, అదీ ఎక్కడా తొట్రుపడని దారి కావాలి. పరిశోధన నెట్‌వర్కులు ఇవ్వగలిగేది సరిగ్గా అదే. వేర్వేరు ఊళ్లలో ఉన్న వాద్యకారులు దీని మీద కలిసి వాయిస్తున్నారు. గాజు తీగలో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల నుంచి విజయవాడలోని సంగీత కళాశాలకు తీగ ఎన్ని వంకర్లు పోయినా వెలుతురుకు నాలుగైదు మిల్లీసెకన్లు చాలు. అక్కడి వయొలిన్ విద్యార్థి ఇక్కడి మృదంగంతో పల్లవి సాధన చేయడానికి భౌతికశాస్త్రం అడ్డు చెప్పదు. అడ్డు ఉన్నదల్లా మన ఊహలోనే. హైస్పీడ్ నెట్‌వర్క్ అనగానే ఇంజనీరింగ్ కాలేజీయే గుర్తొస్తుంది, సంగీత కళాశాల ఎవరి జాబితాలోనూ ఉండదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, ఇప్పుడు ప్రతి పిల్లాడి జేబులో 4జీ, 5జీ ఉండగా ప్రత్యేక నెట్‌వర్క్ దేనికి అన్నది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైన మాట నిజం. పాఠం చూడటానికి, వ్యాసం దించుకోవడానికి ఫోను చాలు. ఈ వ్యాసంలో చెప్పినవాటిలోనే బగ్‌స్కోప్ లాంటివి మామూలు ఇంటర్నెట్ మీద నడిచాయి. కానీ మొబైల్ నెట్‌వర్క్‌ను దించుకోవడానికే తీర్చిదిద్దారు, పంపడానికి వెడల్పు తక్కువ. పైగా సాయంత్రం ఏడింటికి వీధిలో అందరూ సినిమా చూస్తుంటే మీ వంతు తగ్గిపోతుంది. పరిశోధన నెట్‌వర్క్‌లో రెండు దిక్కులా ఒకే వెడల్పు, ఆలస్యం కూడా ముందే తెలిసినంత. యంత్రాన్ని నడపాలన్నా, కలిసి వాయించాలన్నా, పెద్ద డేటాను ఒకేసారి నలుగురు పంచుకుని లెక్కగట్టాలన్నా అది కావాలి. ఫోను ఉంది కాబట్టి నెట్‌వర్క్ వద్దనడం, ఆటో ఉంది కాబట్టి రైలు వద్దనడమే.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ల్యాబుల్లో మామూలు ఉపకరణాలకే దిక్కులేదు, ముందు అవి చూడకుండా తీగల గొడవేమిటంటారు. ఈ మాటకు నేను ఎదురు చెప్పను. ఇంకో అడుగు ముందుకేసి అంటాను, నెట్‌వర్క్‌ను చూపించి అధ్యాపకుల నియామకం ఎగ్గొట్టే ప్రభుత్వాన్ని నమ్మకూడదు. ఐఐటీ ఢిల్లీ నేతృత్వంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ సహా పలు సంస్థలు కలిసి కట్టిన వర్చువల్ ల్యాబ్స్‌ను కొన్ని కళాశాలలు అసలు ల్యాబుకు బదులుగా వాడుకోవడానికి చూసే ప్రమాదం ఉంది. పిపెట్‌తో ద్రావణం పీల్చడం, తీగను టంకం వేయడం తెర మీద రాదు. కానీ ఆ ల్యాబ్స్‌లోనే రెండు రకాలున్నాయి. ఒకటి ఉత్త అనుకరణ, ఎప్పుడు చేసినా పుస్తకంలో ఉన్న జవాబే వస్తుంది. రెండోది, ఇక్కడ మీట నొక్కితే అక్కడి గదిలో నిజమైన పరికరం కదిలే రకం. దానిలో కొలత కాస్త అటూ ఇటూ అవుతుంది, పరికరం మొరాయిస్తుంది, వంతు కోసం ఆగాలి, బాగుచేయడానికి మనిషి కావాలి. ఖర్చూ తలనొప్పీ ఎక్కువే. విద్యార్థి కొలతల్లోని తప్పును చూసి ఆలోచించేది మాత్రం ఇక్కడే. కాలేజీలో కొనదగిన పరికరాలు కాలేజీలోనే ఉండాలి, కొనలేని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, దూరదర్శిని, పెద్ద కంప్యూటరు నెట్‌వర్క్ మీద రావాలి. ఒకటి ఇంకొకదానికి పోటీ కాదు.

పరికరం దాకా పోనక్కర్లేని పని కూడా బోలెడుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరికలిచ్చే సంస్థగానే చాలామందికి తెలుసు. సముద్రంలో తేలుతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ, దారిపొడవునా నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలిచే ఆర్గో యంత్రాల సమాచారం కూడా అక్కడ దొరుకుతుంది, ఎవరికైనా ఉచితంగా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. తుపానుకు ముందూ తర్వాతా బంగాళాఖాతం పై పొర ఎంత చల్లబడిందో కాకినాడలోనో శ్రీకాకుళంలోనో ఉన్న ఫిజిక్స్ విద్యార్థి తానే గీసి చూడొచ్చు. ఈ ఒక్క గ్రాఫుకు గిగాబిట్లు అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఏళ్ల తరబడి ఉపగ్రహ చిత్రాలను దీనికి జతచేసి, నాలుగు కళాశాలల పిల్లలు తలా ఒక జిల్లా తీరం పంచుకున్నప్పుడు మాత్రం కావాలి.

డబ్బు లేదనే మాట ఇక్కడ అంతగా అతకదు. 2024 నవంబరులో కేంద్రం ఒకే దేశం ఒకే చందా పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు ఇచ్చి, దాదాపు 13,000 పరిశోధన పత్రికలను 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచింది. అయితే తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లల్లో ఎక్కువమంది చదివేది ప్రైవేటు అనుబంధ కళాశాలల్లో. వాళ్లు ఈ తలుపుకు బయటే ఉన్నారు. పరిశోధన నెట్‌వర్క్ విషయంలోనూ ఇదే గీత ఉంది. పరీక్ష పెట్టేది, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే అయినప్పుడు, దానికున్న లైనులో అనుబంధ కళాశాలకు వాటా ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. తీగ అంత దూరం పోలేదనడానికి లేదు. గ్రామాలకు ఆప్టికల్ ఫైబర్ వేసే పథకాన్ని మొదట పరీక్షించిన మూడు చోట్లలో విశాఖ దగ్గరి పరవాడ ఒకటి.

అసలు చిక్కు పరీక్షల విభాగంలో ఉంది. స్వయం కోర్సుల నుంచి 40 శాతం దాకా క్రెడిట్లు తీసుకోవచ్చని యూజీసీ 2021లో నిబంధన తెచ్చింది. దానివల్ల చూసిన పాఠానికి క్రెడిట్ వస్తుంది. దూరపు పరికరం మీద చేసిన ప్రయోగానికి ప్రాక్టికల్ పరీక్షలో చోటు ఉందా అంటే, ఏళ్ల తరబడి మారని ప్రయోగాల జాబితా అడ్డొస్తుంది. సీనియర్ రికార్డు చూసి జూనియర్ రాసుకోవడం ఆ జాబితా పుణ్యమే. పాఠ్యప్రణాళికా సంఘాలు బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో రెండు ప్రయోగాలు తీసేసి, ఆ మార్కులు నెట్‌వర్క్ మీద చేసిన ఒక నిజమైన పనికి ఇస్తే చాలు, కళాశాలలు లైను కోసం వాటంతటవే అడుగుతాయి. అప్పుడు ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన అధ్యాపకుడు రికార్డు మీద సంతకం చేసే ముందు, నీ కొలత పక్క కాలేజీ కొలతతో ఎందుకు కలవలేదని అడగాల్సి వస్తుంది. ఆ ప్రశ్న అడగడం ఆయనకూ కొత్తే కాబట్టి ముందు ఆయనకు శిక్షణ కావాలి. అందుకు కొత్త పథకం కనిపెట్టనక్కర్లేదు, వందల కేంద్రాల్లో అధ్యాపకులను ఒకేసారి కూర్చోబెట్టి నేర్పిన పద్ధతి ఐఐటీ బాంబే దగ్గర ఉండనే ఉంది.