గురక గురించి దంతవైద్యునికి చెప్పాలా?

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల వారికి దంతవైద్యుడు అనగానే గుర్తుకు వచ్చేది ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడు నీటిని బాల్యంలో ఏళ్ల తరబడి తాగిన వారి పళ్లపై ఆ గోధుమరంగు మచ్చలు నేటికీ చెరిగిపోలేదు. పెళ్లి సంబంధాల వేళ వాటిని చూసుకొని దిగులుపడి వైద్యుని వద్దకు వెళ్లే యువతీ యువకులు ఉన్నారు. అయితే అదే కుర్చీలో కూర్చున్నప్పుడు చెప్పవలసిన మరొక మాట ఉన్నది. దానిని మనలో చాలామంది చెప్పరు. అదే రాత్రి వచ్చే గురక.

గురకకూ పళ్లకూ సంబంధమేమిటన్న సందేహం సహజమే. గురక ముక్కులో పుట్టే శబ్దమని అనేకులు భావిస్తారు. నిజానికి నిద్రలో కండరాలు సడలినప్పుడు నాలుక, మెత్తని అంగిలి గొంతువైపు జారుతాయి. ఇరుకైన ఆ దారిలో గాలి పోతున్నప్పుడు మెత్తని భాగాలు అదిరి శబ్దం వస్తుంది. నాలుక కింది దవడను అంటిపెట్టుకొని ఉంటుంది. ఆ దవడ చిన్నదైనా, వెనక్కి ఉన్నా నాలుకకు చోటు చాలక శ్వాసమార్గం మరింత ఇరుకవుతుంది. దవడను, నాలుకను, అంగిలిని నిత్యం పరిశీలించే వారిలో దంతవైద్యులు ముందుంటారు.

గురక పెట్టే ప్రతి ఒక్కరూ రోగులు కారు. జలుబు చేసినప్పుడో, బాగా అలసినప్పుడో వచ్చిపోయే గురకకు భయపడనక్కర లేదు. గురక నడుమ ఊపిరి ఆగి, కొంతసేపటికి ఉలిక్కిపడినట్లు మళ్లీ అందుకుంటే మాత్రం అది స్లీప్ ఆప్నియా కావచ్చును. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగినా, బాగా తగ్గినా దానిని ఒకసారిగా లెక్కిస్తారు. పెద్దలలో గంటకు 5 నుండి 15 సార్లయితే తేలికపాటిది, 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. దీనిని నిర్లక్ష్యం చేస్తే రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

పగటి మగత మరొక ప్రమాదం. మన జిల్లాల గుండా 65వ, 44వ జాతీయ రహదారులు పోతున్నాయి. వాటిపై లారీలు, కార్లు, ఆటోలు నడిపి కుటుంబాన్ని పోషించే సోదరులు ఎందరో. రాత్రంతా పడుకున్నప్పటికీ స్టీరింగు ముందు కునుకు వస్తున్నదంటే అది సోమరితనం కాదు, నిద్ర చెడిందనడానికి గుర్తు. రమజాన్‌లో తరావీహ్, సహరీల వల్ల నిద్ర తగ్గి మగతగా ఉండటం మామూలే. షవ్వాల్ గడిచినా ఆ మగత వీడకపోతే కారణం వెదకాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. గురక పెట్టే మనిషికి తన గురక వినబడదు. ఊపిరి ఆగడాన్ని చూసేది భార్య, లేదా పక్క మంచంలోని తల్లి. “భర్త లోపాన్ని బయట చెప్పడం గీబత్ కాదా?” అని కొందరు సోదరీమణులు మౌనం వహిస్తారు. చికిత్స కోసం వైద్యునికి ఉన్న విషయం తెలపడం పరనింద కాదు. భర్తలు కూడా దానిని అవమానంగా భావించరాదు. స్త్రీలూ గురక పెడతారు. అత్తవారింట నవ్వుతారన్న బెరుకుతో వారు దానిని దాచడం మరింత నష్టం.

దంతవైద్యుడు ఏమి చూస్తారు? అరిగిన పళ్లు, అంచుల వెంట పళ్ల అచ్చులు పడిన నాలుక, ఎండిన నోరు, ఇరుకైన అంగిలి, ఉబ్బిన టాన్సిల్స్. వీటితోనే వ్యాధిని నిర్ధారించరు. అనుమానం కలిగితే నిద్ర పరీక్షకు, ఛాతీ లేదా చెవి-ముక్కు-గొంతు వైద్యుని వద్దకు పంపుతారు. వ్యాధి తేలికపాటిది లేదా మధ్యస్థమని తేలితే, రాత్రివేళ పళ్లకు తొడుక్కునే ఉపకరణాన్ని కొలత తీసి తయారుచేయవచ్చును. అది కింది దవడను కాస్త ముందుకు నిలిపి గాలిదారిని తెరచి ఉంచుతుంది. తీవ్రమైన వ్యాధికి మాత్రం గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రమే మొదటి మార్గం.

ఉపకరణం పట్టు నిలవాలంటే గట్టి పళ్లు, ఆరోగ్యమైన చిగుళ్లు ఉండాలి. గుట్కా, జర్దాలతో చిగుళ్లను పాడుచేసుకున్న వారికి ముందు ఆ చికిత్స జరగాలి. కొందరికి దవడ నొప్పి రావచ్చును, పళ్ల కలయిక మారవచ్చును. కనుక వైద్య పర్యవేక్షణ తప్పనిసరి. బజారులో దొరికే తొడుగులను సొంతంగా కొని వాడరాదు. బరువు తగ్గడం, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం చాలామందికి మేలు చేస్తాయి. కుడిపక్కకు తిరిగి పడుకోవడం మనకు తెలిసిన సున్నతే.

పిల్లల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. నోరు తెరచి నిద్రపోతూ తరచూ గురక పెట్టే పిల్లవాడు బడిలో కునుకుతున్నా, చిరాకు పడుతున్నా మందలించడానికి ముందు టాన్సిల్స్, అడినాయిడ్స్, అంగిలి చూపించండి.

ఇందుకు ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లనక్కర లేదు. నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్.వి.ఎస్. దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. వెళ్లేముందు వారం రోజులు ఇంటివారు గమనించి నాలుగు విషయాలు రాసుకోవాలి: గురక ఎన్ని రాత్రులు వచ్చింది, ఊపిరి ఆగిందా, ఉదయం తలనొప్పి ఉన్నదా, పగలు కునుకు వస్తున్నదా. రక్తపోటు మందులు వాడుతుంటే అదీ చెప్పాలి. పన్ను నొప్పికని వెళ్లినా సరే, ఆ కాగితం వెంట తీసుకొని వెళ్లండి. వీలైతే గురకను గమనించిన వారినే తోడుగా తీసుకొని వెళ్లండి. అల్లాహ్ మన ఇళ్లలో అందరికీ నెమ్మదైన నిద్రను ప్రసాదించుగాక.