ఉంగరాల జుట్టు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములలో కళాశాలకు పోవు బాలికలు కొందరు ఉంగరాల జుట్టును ఇంటనే స్ట్రెయిటెనరుతో సాపు చేసికొనుచున్నారు. వేడిమికి వెండ్రుకలోని హైడ్రోజను బంధములు వీడి, చల్లారగనే క్రొత్త రీతిని కుదురుకొనును; తల తడిసినచో పాత వంపే తిరిగి వచ్చును. నష్టము మాత్రము నిలుచును. తడి జుట్టుపై దానిని పెట్టినచో లోని నీరు ఆవిరియై బుడగలు లేచి వెండ్రుక పుటుక్కున తెగును. ఇది వారెరుగనిది కాదు. ‘పిట్టగూడు’ అని తరగతిలో లేచిన నవ్వు అంతకంటె ఎక్కువ కాల్చును. సాధనమును నిందించుటకు ముందు ఆ నవ్వు నాపవలదా?

బమ్మెర జనగామ జిల్లాలోనిదే. పోతన భాగవతమున అంపశయ్యపైనున్న భీష్ముడు తలచుకొన్న కృష్ణుని మోమున నల్లని అలకలు కలవు. అలకలనగా వంకులు తిరిగిన ముంగురులే. ఆ పద్యమును వల్లె వేయించు పంతులుగారే రెండవ వరుసలోని పిల్లను చూచి, ‘తల దువ్వుకొని రమ్మ’నుచున్నారు.