నాట్లకూ కోతలకూ మధ్య
జపాన్ పల్లెలకు పొలం పని నేర్చుకోవడానికి వెళ్లే విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎక్కువగా రెండు అదనుల్లోనే కనిపిస్తారు: వసంతంలో నాట్లకు, శరత్తులో కోతలకు. నీగాతా, ఇషికావా కొండల్లోని మెట్ల మడుల్లో అప్పుడు వారికి చేతినిండా పనే. నాట్లు వేసే యంత్రం తిరగలేని మూలల్లో నారు చేత్తోనే గుచ్చాలి. కోసిన వరిని చిన్న చిన్న కట్టలు కట్టి, ఒక్కో కట్టనూ పాయలుగా విడదీసి, వెన్నులు కిందికి వేలాడేలా వెదురు దండెం మీద ఆరేయాలి. కట్టు వదులైతే, ఎండి సన్నబడిన పరకలు జారి నేల మీద పడతాయి. 2020 వ్యవసాయ గణన ప్రకారం ఆ దేశంలో సేద్యమే ప్రధాన వృత్తిగా ఉన్నవారు సుమారు 13.6 లక్షలు, వారి సగటు వయసు 67.8 ఏళ్లు. అలా వయసు పైబడిన రైతులే మిగిలిన ఊళ్లకు కుర్రకారు రావడం పెద్ద ఊరటే. కానీ మడిని బతికించే పనులు వేరే ఉన్నాయి: నీళ్లు వదిలే ముందు ఊరంతా కలిసి కాలువల పూడిక తీయడం, ఏటవాలు గట్ల మీద వేసవంతా గడ్డి కోయడం, అడవి పందులు రాకుండా విద్యుత్ కంచె వేయడం. ముసలి చేతులకు ఇవే మోయలేని బరువు. విద్యార్థులను పంపాల్సింది ముందుగా వీటికే, అదీ ఏటా అదే ఊరికి. వేసవి సెలవులు గడ్డి కోసే రోజుల్లోనే వస్తాయి కాబట్టి ఆ పని చదువుకూ పెద్దగా అడ్డు కాదు.