సైకిలు చక్రము - ముల్లు

మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఆనకట్టవలన ఆ ప్రాంతపు పొలములకు నీరు దక్కినది. అచ్చటి కాలువగట్లమీద, పొలముదారులలో సైకిలుపై బడికిఁ బోవు బాలికలకు తుమ్మముల్లును పల్లేరుకాయయుఁ బగవారు. నడిదారిలో గాలి పోయినచో ఆనాటి పాఠము పోవును. ఇట్లు పలుమారు జరిగినచో “ఇఁక చదువు చాలు” నను మాట యింటఁ బుట్టును. కావున సోదరీమణులారా, ఈ చిన్నపనిని మనమే నేర్చుకొనవలెనని మా మనవి.

ముల్లు గ్రుచ్చుకొన్న వెంటనే గాలి పోవలెనని లేదు. పలుమారు అది టైరులో నిలిచి, చక్రము తిరిగినకొలఁది లోనికి దిగి, తుదకు ట్యూబును జేరును. కావునఁ బ్రతిసాయంకాలము చక్రమును మెల్లగాఁ ద్రిప్పుచు ముళ్లను, గాజుపెంకులను తీసివేయవలెను.

వారమున కొకమారు గాలి చూచి కొట్టవలెను. గాలి తగ్గిన చక్రము రాతి కెక్కినపుడు ట్యూబు ఇనుపకమ్మికిని రాతికిని నడుమ నలిగి చిరుగును. ఎంత గాలి పట్టునో సాధారణముగా టైరు ప్రక్కనే అచ్చువేసి యుండును.

పంక్చరు వేయించునపుడు టైరు లోపలిభాగమును గుడ్డతోఁ దుడిచి చూడవలెను. లేనిచో మిగిలిన ముల్లే మరల పొడుచును. చువ్వల మొనలను గప్పు పట్టీ చినిగినను, టైరు అరిగి నూలు కనఁబడినను మార్పింపవలెను.

ఈ పనులు అమ్మాయిచేతనే చేయింపుఁడు. సైకిలు నడుపుటయే గాక దానిని గాచుకొనుటయు నేర్చిన పిల్లకు దారి భయము సగము తగ్గును.